షుగర్ పడిపోయినప్పుడు మెదడు కణాలను కాపాడుకోవడం

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో షుగర్ ఉన్నవాళ్లు ఉన్నారు, వాళ్లకు ఇంట్లో ఇన్సులిన్ వేసేవాళ్లు ఉన్నారు, వెనక వరసల్లో నర్సింగ్ చదువుతున్న పిల్లలు కూడా కనిపిస్తున్నారు. అందరికీ పనికొచ్చేలా ఒక్క విషయం మీదే మాట్లాడతాను. రక్తంలో చక్కెర బాగా పడిపోయినప్పుడు మెదడు కణం ఎలా చనిపోతుంది? చనిపోకుండా ఆపడానికి మన చేతిలో ఏముంది?

లో షుగర్ గురించి మాకు రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. "కాస్త నీరసం డాక్టర్ గారూ, ఏదో ఒకటి తింటే తగ్గిపోతుంది" అనేది ఒకటి. కోమాలో ఉన్న మనిషి పక్కన నిలబడి "ఇక మెదడు చచ్చిపోయినట్టేనా?" అని అడిగేది రెండోది. మొదటి మాటలో నిర్లక్ష్యం ఉంది, రెండోదాంట్లో తొందరపాటు నిరాశ ఉంది. రెండూ నిజానికి దూరమే. లో షుగర్‌లో మెదడు కణం తిండిలేక దానంతటదే ఆరిపోదు. దాన్ని చంపే ప్రక్రియ ఒకటి వేరే నడుస్తుంది. అది అంచెలంచెలుగా నడుస్తుంది కాబట్టి అడ్డుకోవడానికి వ్యవధి ఉంటుంది. చక్కెర ఎక్కించాక కూడా కొంతసేపు సాగుతుంది కాబట్టి కళ్లు తెరిచాడు కదా అని వదిలేయడానికి వీల్లేదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు మెదడు అవసరం ఎంతో చూద్దాం. మన బరువులో మెదడు సుమారు 2 శాతం. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం వాడే గ్లూకోజ్‌లోనూ ఆక్సిజన్‌లోనూ దాని వాటా 20 శాతం దాకా ఉంటుంది. రోజుకి 100 గ్రాములకు పైగా గ్లూకోజ్ దానికే కావాలి. కండకీ కాలేయానికీ ఉన్నట్టు మెదడుకి చెప్పుకోదగ్గ నిల్వ లేదు. ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాల్లో కాస్త గ్లైకోజెన్ ఉంటుందంతే. రక్తం ఎప్పటికప్పుడు తెచ్చి ఇస్తుండాలి.

అందుకే శరీరం ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో చక్కెర 80 (డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాముల లెక్కలో) దరిదాపులకు దిగగానే క్లోమం ఇన్సులిన్‌ని తగ్గిస్తుంది. 70 కిందికి వస్తుంటే చక్కెరను పెంచే గ్లూకగాన్, అడ్రినలిన్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. ఇంకా దిగితే చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి. ఇవి మనల్ని తినమని తొందరపెట్టే సంకేతాలు. 50 కిందికి వెళ్తే మాట తడబడుతుంది, లెక్క తప్పుతుంది, ఉన్నట్టుండి కోపం వస్తుంది, కొందరు అయినవాళ్లనే గుర్తుపట్టరు. ఇంకా దిగితే ఫిట్స్, స్పృహ తప్పడం. ఈ అంకెలు మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి. ఇప్పుడు వైద్యులు 70 దగ్గర హెచ్చరిక అంటున్నారు, 54 కిందికి వస్తే తీవ్రంగా తీసుకోవాలంటున్నారు. ఇతరుల సాయం లేకుండా తేరుకోలేని స్థితి అయితే, అంకె ఎంత ఉన్నా అది అత్యవసరమే.

ఒక ఊరట కూడా చెప్పాలి. చెమటలు పట్టడం, కాసేపు తికమకపడటం అంటే కణాలు చచ్చిపోతున్నాయని కాదు. పని ఆగడం వేరు, కణం చావడం వేరు. ఈ తేడా మనకు స్పష్టంగా తెలిసింది 1980లలో. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో రోలండ్ ఆవర్, బూ సియెషో, వాళ్ల సహచరులు ఎలుకల మీద చాలా ఓపికగా ప్రయోగాలు చేశారు. ఇన్సులిన్ ఇచ్చి చక్కెరను దించుతూ, పక్కనే మెదడు విద్యుత్తును ఈఈజీ మీద చూస్తూ వచ్చారు. ఈఈజీలో అలలు మందగించిన దశలోనే చక్కెర ఇచ్చి లేపితే కణాలకు నష్టం కనబడలేదు. ఈఈజీ గీత పూర్తిగా చదునైపోయాక మాత్రం లెక్క మారిపోయింది. చదునుగా ఉన్న నిమిషాలు పెరిగేకొద్దీ చచ్చిన కణాలు పెరిగాయి. అరగంట నుంచి గంటకు వెళ్లేసరికి నష్టం బాగా ఎక్కువైంది. ఎలుకల నిమిషాలను మనిషికి ఉన్నదున్నట్టు అంటగట్టలేం. కానీ మనకు అక్కడ దొరికిన సూత్రం గట్టిది: ఎంత లోతుకు పడింది అన్నదెంత ముఖ్యమో, ఆ లోతులో ఎంతసేపు ఉంది అన్నదీ అంతే ముఖ్యం.

ఆ ప్రయోగాల్లో ఇంకొకటి కనిపించింది. నాకు దాని మీద కాస్త ఆగాలని ఉంది, ఎందుకంటే మొత్తం కథ మలుపు తిరిగింది అక్కడే. ఆవర్ ఆ కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. నాడీకణానికి సంకేతాలు అందుకునే కొమ్మలుంటాయి, వాటిని డెండ్రైట్లు అంటాం. సంకేతాలు పంపే పోగు ఉంటుంది, అది ఆక్సాన్. తిండిలేకే చచ్చిపోతుంటే కణమంతా ఒక్కలాగే దెబ్బతినాలి కదా. అలా లేదు. ముందుగా డెండ్రైట్లు ఉబ్బిపోయాయి, వాటి పక్కనుంచే వెళ్తున్న ఆక్సాన్లు మాత్రం చెక్కుచెదరలేదు. సంకేతం అందుకునే చోటే దెబ్బ తగిలింది. అంటే ఏదో రసాయనం బయటి నుంచి వచ్చి, సంకేతాలు అందుకునే ఆ తలుపుల్లాంటి చోట్ల మీద అదేపనిగా పడుతోందన్నమాట.

ఆ రసాయనం ముఖ్యంగా ఆస్పార్టేట్. గ్లూకోజ్ లేనప్పుడు కణం తన దగ్గరున్న గ్లుటమేట్ లాంటి అమైనో ఆమ్లాలనే కాల్చుకోవడం మొదలుపెడుతుంది. ఆ క్రమంలో ఆస్పార్టేట్ పోగుపడి, కణాల మధ్య ఖాళీలోకి కారుతుంది. పక్క కణాల డెండ్రైట్ల మీద ఎన్ఎండీఏ గ్రాహకాలు అనే తలుపులుంటాయి, వాటిని అది అతిగా ప్రేరేపిస్తుంది. దాంతో కాల్షియం లోపలికి వరదలా వస్తుంది. 1985లో అదే లుండ్ నుంచి టాడెయుష్ వీలోక్ ఒక పరిశోధన వెలువరించాడు. మెదడులో ఒకచోట ఈ గ్రాహకాన్ని అడ్డుకునే మందు పెడితే, చక్కెర అంతగా పడిపోయినా అక్కడి కణాలు బతికాయి. చక్కెర లేమి రెండు సందర్భాల్లోనూ ఒకటే. తలుపు మూసిన చోట కణం బతికింది, తెరిచి ఉన్నచోట చచ్చింది. ఆకలి ఒక్కటే హంతకి కాదని దీన్ని మించిన రుజువు ఏముంటుంది?

ఈ దెబ్బ మెదడంతా సమానంగా తగలదు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్, అందులోనూ డెంటేట్ గైరస్ అనే చిన్న మడత, మెదడు పైపొరలు, లోపలి స్ట్రయేటమ్ ఎక్కువ నష్టపోతాయి. శ్వాసను, గుండెను నడిపే బ్రెయిన్‌స్టెమ్, చిన్నమెదడు చాలావరకు నిలదొక్కుకుంటాయి. తీవ్రమైన కోమా నుంచి లేచిన కొందరు మామూలుగా ఊపిరి తీసుకుంటూ, నడుస్తూ కూడా, పొద్దున జరిగింది మధ్యాహ్నానికి గుర్తుపెట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు రెండో అంచెకు వద్దాం. ఇది 2000 తర్వాత తెలిసింది. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోలో రేమండ్ స్వాన్సన్, సాంగ్ వాన్ సుహ్ బృందం వేసుకున్న ప్రశ్న వేరు. చక్కెర తిరిగి ఇచ్చాక కూడా కొన్ని కణాలు గంటల తరబడి ఎందుకు చస్తూనే ఉన్నాయి? 2003లో ఒక జవాబు వచ్చింది. కాల్షియం వరద తర్వాత కణంలో డీఎన్ఏ దెబ్బతింటుంది. దాన్ని బాగుచేయడానికి పార్ప్-1 అనే ఎంజైమ్ పరుగెత్తుకొస్తుంది. మంచిదే. కానీ అది మితిమీరి పనిచేసి కణంలో ఉన్న ఎన్ఏడీ అనే పదార్థాన్నంతా వాడేస్తుంది. చూరుకు నిప్పంటుకుందని ఇంట్లో తాగడానికున్న నీళ్లన్నీ గుమ్మరించేసినట్టు. ఎన్ఏడీ లేకపోతే గ్లూకోజ్‌ను విడగొట్టే మొదటి దశే సాగదు. రక్తంలో చక్కెర నిండుగా ఉంటుంది, కణం దాన్ని వాడుకోలేదు. ఎలుకల్లో చక్కెరతో పాటు పార్ప్‌ను ఆపే మందు ఇస్తే చాలా కణాలు బతికాయి, వారాల తర్వాత పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షల్లో కూడా తేడా కనిపించింది.

అదే బృందం 2005లో పైరువేట్‌ను వాడి చూసింది. గ్లూకోజ్ విడగొట్టాక వచ్చేది పైరువేట్. ఆగిపోయిన దశను దాటేసి, తర్వాతి మెట్టు దగ్గర నేరుగా అందిస్తే కణం దాన్ని వాడుకోగలదు. ఎలుకల్లో అది కూడా కణాలను కాపాడింది. 2007లో మరింత ఆలోచనలో పడేసే సంగతి బయటపడింది. చక్కెర తిరిగి వచ్చే ఘడియలోనే ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆ గ్లూకోజ్ సాయంతోనే సూపర్ ఆక్సైడ్ అనే విషతుల్యమైన ఆక్సిజన్ రూపాన్ని తయారుచేస్తోంది. తిరిగి ఇచ్చిన చక్కెర స్థాయి ఎక్కువైనకొద్దీ ఆ విషమూ పెరిగింది, చచ్చిన కణాలూ పెరిగాయి.

(సభలో ఒకరు: అయితే డాక్టర్ గారూ, షుగర్ పడిపోయినప్పుడు చక్కెర తక్కువ ఇవ్వమంటారా?)

మంచి ప్రశ్న అడిగారండీ, ఇక్కడ పొరపాటు పడితే ప్రాణాల మీదికి వస్తుంది. వెంటనే ఇవ్వాలి. ఆలస్యం చేయడానికి ఈ పరిశోధన ఎవరికీ సాకు కాకూడదు. చక్కెర అందకుండా గడిచే ప్రతి నిమిషమూ మొదటి అంచెను పెంచుతుంది. ఆ పరిశోధన చెప్పేదల్లా, 30లో ఉన్న మనిషిని హడావుడిలో 300కి ఎగరేయవద్దని. మామూలు స్థాయికి త్వరగా తెచ్చి అక్కడ నిలపాలి. ఆసుపత్రుల్లో ఒకప్పుడు గ్లూకోజ్ ద్రావణాన్ని, అంటే 50 శాతం డెక్స్‌ట్రోజ్ ఒక్కసారిగా నరంలోకి ఎక్కించేవాళ్లం. ఇప్పుడు చాలాచోట్ల 10 శాతం డెక్స్‌ట్రోజ్‌ను కొద్దికొద్దిగా, మధ్యలో చూసుకుంటూ ఇస్తున్నారు. 2005లో ఈ రెండింటినీ పోల్చి చూసిన అధ్యయనంలో పేషెంట్లు తేరుకోవడానికి పట్టిన సమయం ఒకటే, తర్వాతి చక్కెర స్థాయి మాత్రం పది శాతం ఇచ్చినవాళ్లలో తక్కువగా ఉంది. వెనక కూర్చున్న పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. బాగా చిక్కిపోయినవాళ్లకు, మద్యం అలవాటు ఉన్నవాళ్లకు గ్లూకోజ్‌తో పాటు థయమిన్ (విటమిన్ బి1) కూడా ఇవ్వాలని మర్చిపోవద్దు. అది లేకపోతే మెదడు ఇంకోరకంగా దెబ్బతింటుంది.

పార్ప్‌ను ఆపేది, పైరువేట్, ఎన్ఎండీఏను అడ్డుకునేది, ఇవన్నీ ఈ పని కోసం మనుషుల్లో ఆమోదం పొందిన మందులు కావు. "మెదడు కణాల రక్షణకు" అని ఎవరైనా డబ్బా అమ్మజూపితే కొనకండి. ఇవాళ మన దగ్గర ఉన్న రక్షణ సమయమే, ఆ తర్వాత ఒక్క క్షణం కూడా ఏమరని పర్యవేక్షణ.

ఇంట్లో ఏం చేయాలో చెప్తాను. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర, అంటే చిన్న చెంచాతో మూడు నాలుగు చెంచాలు, నీళ్లలో కలిపి ఇవ్వండి. గ్లూకోజ్ పొడి అయితే మరీ మంచిది. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. 15 నిమిషాలకు మళ్లీ మీటర్‌తో చూడండి. 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. దాటాక ఏదైనా భోజనంలాంటిది పెట్టండి. ఒక మినహాయింపు ఉంది, చాలామందికి తెలియదు. అకార్బోస్, వోగ్లిబోస్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకు పంచదార సరిగా పనిచేయదు. పేగులో పంచదారను విడగొట్టే ఎంజైమ్‌నే ఆ మందు ఆపుతుంది. వాళ్లకు గ్లూకోజే ఇవ్వాలి, ఇంట్లో అది తప్పక ఉండాలి.

స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. ప్రేమతోనే పోస్తారు, తెలుసు. కానీ అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, చక్కెర లేమికి ఊపిరి ఆడకపోవడం తోడైతే మెదడుకు రెండు దెబ్బలు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, అంబులెన్స్‌ను పిలవండి. ఇంట్లో గ్లూకగాన్ ఉంటే అది ఇవ్వండి. ఇంజెక్షన్ ఉంది, ముక్కులో కొట్టే పొడి రూపం కూడా 2019 నుంచి వచ్చింది. కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్‌ను అది బయటికి తీస్తుంది. బాగా ఉపవాసం ఉన్నవాళ్లలో, మద్యం తాగి ఉన్నవాళ్లలో ఆ నిల్వే తక్కువ కాబట్టి అంతగా పనిచేయకపోవచ్చు. ఇచ్చాం కదా అని అంబులెన్స్ మానుకోవద్దు.

ఇంకొక మాట. ఒక చేయి, ఒక కాలు పడిపోయి, మాట ముద్దగా వచ్చి, అచ్చం పక్షవాతంలా కనిపించే లో షుగర్ ఉంటుంది. గ్లూకోజ్ ఎక్కించగానే చాలామందిలో చేయి లేస్తుంది. అందుకే పక్షవాతం అనుకున్న ప్రతి మనిషికీ ముందు వేలు గుచ్చి షుగర్ చూడాలి. అర నిమిషం పని.

తేరుకున్న తర్వాతి గంటల గురించి అందరూ తక్కువ పట్టించుకుంటారు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వాడే పెద్దవాళ్లలో, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో, మందు ఒంట్లోంచి త్వరగా పోదు. పొద్దున లేపిన మనిషి చక్కెర సాయంత్రానికి మళ్లీ పడిపోతుంది, రాత్రి నిద్రలో ఇంకోసారి. నిద్రలో చెమటలు, వణుకు ఎవరికి కనిపిస్తాయి? పొద్దున లేపితే లేవరు. ఎంతసేపటి నుంచి చక్కెర లేదో ఎవరికీ తెలియదు. వార్డులో నేను ఎక్కువగా బాధపడేది ఇలాంటివాళ్లను చూసే. అందుకే ఈ మాత్రల వల్ల చక్కెర పడిపోయినవాళ్లను కనీసం ఒక రోజు ఆసుపత్రిలో ఉంచమంటాం. బాగానే ఉన్నాడు, ఇంటికి తీసుకెళ్తాం అని పట్టుబట్టకండి.

మాటిమాటికీ చక్కెర పడిపోతుండేవాళ్లలో ఇంకో చిక్కు. కొన్నాళ్లకు చెమటలు, వణుకు రావడం మానేస్తాయి. అడ్రినలిన్ స్పందనే మందగిస్తుంది. దీన్ని అమెరికా వైద్యుడు ఫిలిప్ క్రయర్ ఎన్నో ఏళ్లు అధ్యయనం చేశాడు. 60 ఉన్నా తెలియదు, 50 ఉన్నా తెలియదు, తెలిసేసరికి తడబడుతుంటారు. "నాకు లో షుగర్ అలవాటైపోయింది, ఏం కాదు" అని ధైర్యంగా చెప్తారు కొందరు. అది ధైర్యం చెప్పుకోవాల్సిన విషయం కాదమ్మా, హెచ్చరిక గంట మోగడం ఆగిపోయిందని అర్థం. మంచి సంగతి ఏమిటంటే, కొన్ని వారాల పాటు ఒక్కసారి కూడా లో షుగర్ రాకుండా జాగ్రత్తగా చూసుకుంటే చాలామందిలో ఆ గుర్తింపు తిరిగి వస్తుంది. దాని కోసం ఆ కొద్ది వారాలు చక్కెర కాస్త ఎక్కువగా ఉన్నా ఫర్వాలేదు. చక్కెర పడుతుంటే మోగే సెన్సర్లు ఇలాంటివాళ్లకే ముందుగా అందాలని నా అభిప్రాయం. బీటా బ్లాకర్ బీపీ మాత్రలు వేసుకునేవాళ్లలో దడ, వణుకు కనిపించకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. చెమటను తేలిగ్గా తీసుకోవద్దు.

లో షుగర్ వచ్చిన ప్రతిసారీ మెదడు తరిగిపోతుందా అని భయపడేవాళ్లకు ఒక మాట. టైప్-1 ఉన్న 1,144 మందిని సగటున 18 ఏళ్లు గమనించి 2007లో ప్రచురించిన ఫలితాల్లో, తీవ్రమైన లో షుగర్లు వచ్చినవాళ్లలో ఆలోచనాశక్తి అంతకంతకూ తగ్గిపోయినట్టు తేలలేదు. వాళ్లంతా అధ్యయనంలో చేరేనాటికి చిన్న వయసువాళ్లు, మంచి పర్యవేక్షణలో ఉన్నవాళ్లు. పెద్ద వయసు కథ వేరు. 2009లో అమెరికాలో 16,667 మంది టైప్-2 వాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరేంత లో షుగర్లు వచ్చినవాళ్లలో మతిమరుపు వ్యాధి ముప్పు ఎక్కువగా కనిపించింది, ఎన్నిసార్లు వస్తే అంత ఎక్కువగా. లో షుగరే కారణమని దాన్నిబట్టి తీర్మానించలేం. మతిమరుపు మొదలైనవాళ్లు మాత్ర రెండుసార్లు వేసుకుంటారు, తిండి మర్చిపోతారు, దాంతో చక్కెర పడిపోతుంది. రెండు వైపులా నడిచే దారి అది. ఏమైనా 75 ఏళ్ల మనిషికి, పైగా కిడ్నీ జబ్బు ఉంటే, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.5కి రావాలని పంతం పట్టడం నాకు సమ్మతం కాదు. చాలా జబ్బులున్న వృద్ధులకు 8 దగ్గర ఉన్నా చాలంటున్నాయి మార్గదర్శకాలు కూడా.

పసిపిల్లల గురించి క్లుప్తంగా. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, షుగర్ ఉన్న తల్లులకు పుట్టినవాళ్లు మొదటి రోజుల్లో చక్కెర పడిపోయే ముప్పులో ఉంటారు. చక్కెర బాగా పడిపోతే వాళ్లలో మెదడు వెనకభాగం, చూపుకు సంబంధించిన భాగం, ఎక్కువగా దెబ్బతింటుంది. త్వరగా తల్లిపాలు పట్టడం, బిడ్డను వెచ్చగా ఉంచడం, ఆ పిల్లలకు వేళకు చక్కెర పరీక్ష చేయడం, ఇంతే రక్షణ. 2013లో న్యూజిలాండ్ వైద్యులు చూపించినట్టు, బుగ్గ లోపల 40 శాతం డెక్స్‌ట్రోజ్ జెల్ రాస్తే చాలామంది పిల్లలకు చక్కెర నిలదొక్కుకుంటుంది, తల్లి నుంచి విడదీయాల్సిన అవసరమూ తగ్గుతుంది.

ఇక మీ ప్రశ్నలు తీసుకునే ముందు ఒక్క పని చెప్పి ఆపుతాను. తీవ్రమైన లో షుగర్ వచ్చి తగ్గాక, తర్వాతి నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆ రోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఏ పూట వచ్చింది, అంతకుముందు ఏం తిన్నారు, ఎన్ని యూనిట్లు వేసుకున్నారు, ఈ మధ్య బరువు తగ్గారా, కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించారు, ఇవన్నీ కాగితం మీద రాసి పెట్టుకోండి. మందు మోతాదు మార్చకుండా వదిలేస్తే అది మళ్లీ వస్తుంది, చాలాసార్లు అదే పూటకు వస్తుంది.

అడగండి, ముందు వరస నుంచి మొదలుపెడదాం.